ఇంట్లోనే పువ్వు క్లోజప్ ఫొటోలు: ఒక కిటికీ, ఒక బల్బు, ఒక పాత పంచె

పువ్వు ఫొటో సరిగ్గా రాలేదంటే అందరూ ముందు ఫోన్‌నే అంటారు. ఫోన్ మార్చాలి, మాక్రో లెన్స్ (చిన్నవాటిని బాగా దగ్గర నుంచి పెద్దగా తీసే లెన్స్) కొనాలి, అప్పుడుగానీ కుదరదు అనుకుంటారు. అది నిజం కాదండి. మనిషిని ఫొటో తీయాలంటే పెద్ద లైట్లు, స్టూడియో గొడుగులు కావాలి గానీ మందార పువ్వు మీ అరచేతిలో ఇమిడిపోతుంది, దాని ముందు చదువుకునే టేబుల్ లైటు కూడా చాలా పెద్ద వెలుగే. అందుకే లైటింగ్ నేర్చుకోవడానికి పువ్వును మించింది లేదు. ఫోన్ మీ దగ్గర ఏది ఉంటే అదే వాడండి. వెలుగు ఎటునుంచి వస్తోంది, ఎంత దగ్గర నుంచి వస్తోంది, మధ్యలో ఏం అడ్డం పెట్టారు, ఈ మూడూ చూసుకుంటే శ్రీకాకుళంలో చిన్న అద్దె గదిలో కూడా మంచి ఫొటో వస్తుంది.

ఎలా చేయాలో వరసగా చెప్తాను. ఒక్కో మెట్టు చేసి చూసి తర్వాతది చదివితే ఇంకా బాగా అర్థమవుతుంది.

ముందు పువ్వు సంగతి

ఐదారు పూలు కోసేసి కుప్ప పెట్టకండి. ఒక్కటి చాలు, కానీ ఆ ఒక్కటి చెట్టు మీద ఉండగానే నాలుగు వైపుల నుంచీ చూసి ఎంచుకోండి. మామూలుగా చూస్తే కనబడని చిన్న చిరుగు, పురుగు కొరికిన అంచు, రోడ్డు దుమ్ము అన్నీ క్లోజప్‌లో పెద్దగా బయటపడతాయి. దుమ్ముంటే కడగకండి, నీళ్ళు ఆరాక మరకలు మిగులుతాయి. పుస్తకాల షాపులో దొరికే సన్నటి పెయింట్ బ్రష్ పొడిగా పట్టుకుని రెక్కల మీద మెల్లగా తుడిస్తే పోతుంది. మందారంలో, బంతిలో చీమలుంటాయి కాబట్టి తొడిమ పట్టుకుని రెండుసార్లు మెల్లగా తట్టండి.

ఏ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందో తెలిస్తే సగం పని అయినట్టే. మందారం పొద్దున్న విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుపోతుంది, కానీ కోసినా నీళ్ళల్లో పెట్టకపోయినా ఆ రోజంతా అలాగే నిలబడుతుంది, అందుకే మొదటిసారి తీసేవాళ్ళకు నేను మందారమే చెప్తాను. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని ఎండెక్కేసరికి వాడిపోతుంది, సంక్రాంతి రోజుల్లో గొబ్బెమ్మల కోసం కోసేటప్పుడే ఒకటి పక్కన పెట్టుకోండి. తామర మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. పారిజాతం తెల్లారేసరికి కింద రాలి ఉంటుంది, ఎండ తగలకముందే ఏరుకోవాలి. చంద్రకాంత పూలు సాయంత్రం నాలుగింటి తర్వాతే. బీర పువ్వు, ఆనప పువ్వు కూడా సాయంత్రమే విచ్చుకుంటాయి. కూరగాయ పూలను ఎవరూ పట్టించుకోరు గానీ పొట్ల పువ్వును ఒక్కసారి దగ్గర నుంచి చూడండి, రెక్కల అంచుల నుంచి తెల్లటి దారాలు అల్లిబిల్లిగా వేలాడుతుంటాయి, దానికి సాటి వచ్చే పువ్వు పూల కుండీల్లో నాకు కనబడలేదు.

ఉద్దానం వైపు వాళ్ళకు ఇంకో అదృష్టం ఉంది, జీడి పూత. శీతాకాలంలో పలాస, కవిటి వైపు తోటల్లోకి వెళ్తే కమ్మటి వాసన వస్తుంది కదా, ఆ గుత్తిలో ఒక్కో పువ్వు చాలా చిన్నది. విచ్చుకున్నప్పుడు తెల్లగా ఉండి తర్వాత ఎర్రబారుతుంది, సన్నటి రెక్కలు వెనక్కి చుట్టుకుంటాయి. ఒకే గుత్తిలో రెండు రంగులూ దొరుకుతాయి. కాకపోతే అది రైతు పంట, పూత కోయకండి. గాలికి విరిగి పడిన రెమ్మ దొరికితే తెచ్చుకోండి.

దేవుడికి పెట్టే పూలతో ఈ పని వద్దు, లైట్ల ముందు వాడిపోతాయి, ఇంట్లో పెద్దవాళ్ళు బాధపడతారు. విడిగా ఒకటి కోసుకోండి, లేదంటే అరసవల్లి గుడి దగ్గర పూల దుకాణాల్లో పది రూపాయలకు ఏవిస్తే అవి తెచ్చుకోండి. జిల్లేడు పువ్వు కిరీటంలా భలే ఉంటుంది గానీ దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. గన్నేరు విషం. ఈ రెండూ ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోండి, చిన్నపిల్లలున్న ఇంట్లో బల్ల మీద వదిలేయకండి.

చోటు, నిలబెట్టడం

ఫ్యాన్ ఆపండి. ఏప్రిల్, మే నెలల్లో ఇది కష్టమే, అయినా ఆపాల్సిందే, ఎందుకంటే క్లోజప్‌లో పువ్వు ఒక్క మిల్లీమీటరు కదిలినా బొమ్మ చెదిరిపోతుంది. అన్నీ సర్దుకునేదాకా ఫ్యాన్ తిరగనిచ్చి ఫొటో తీసే నిమిషంలో మాత్రం ఆపితే చెమటలు పట్టకుండా పని అవుతుంది.

పువ్వును చేత్తో పట్టుకుని తీయొద్దు. సన్న మూతి సీసాలో ఇసుక పోసి తొడిమ గుచ్చండి, లేదా ఒక బంగాళాదుంపను సగానికి కోసి, కోసిన వైపు కిందకు పెట్టి పైన పుల్లతో కన్నం చేసి అందులో నిలబెట్టండి. బంగాళాదుంపలో తడి ఉంటుంది కాబట్టి పువ్వు కాసేపు తాజాగా కూడా ఉంటుంది. బరువైన బంతి పువ్వు వాలిపోతుంటే తొడిమను బట్టల క్లిప్పుతో పట్టించి, క్లిప్పును మందపాటి కరెంటు తీగకు చుట్టి, తీగ రెండో కొసను బల్లకు టేపుతో అంటించండి. తీగ ఎటు వంచితే పువ్వు అటు తిరుగుతుంది.

ఫోన్‌కి ట్రైపాడ్ లేకపోతే కిలో బియ్యం ఒక గుడ్డ సంచిలో పోసి మూతి కట్టండి, దాని మీద ఫోన్‌ను అడ్డంగా నొక్కి కూర్చోబెడితే కదలదు. సంచి కింద పుస్తకాలు పెట్టి ఎత్తు సరిచేసుకోవచ్చు. తర్వాత టైమర్ 2 లేదా 3 సెకన్లు పెట్టండి. వేలితో స్క్రీన్ నొక్కినప్పుడు వచ్చే చిన్న కుదుపు ఆ లోపు ఆగిపోతుంది. వైరున్న ఇయర్‌ఫోన్స్ ఉంటే చాలా ఫోన్లలో దాని వాల్యూమ్ బటన్‌తో కూడా ఫొటో తీయొచ్చు.

కిటికీ వెలుగు

పగలైతే గదిలో ట్యూబ్‌లైటు ఆపేయండి. కిటికీ వెలుగు రంగు వేరు, ట్యూబ్‌లైటు రంగు వేరు, రెండూ కలిస్తే పువ్వుకు ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పచ్చగా పడుతుంది, దాన్ని తర్వాత ఏ యాప్‌లోనూ పూర్తిగా సరిచేయలేరు.

బల్లను కిటికీకి అర మీటరు దూరంలో వేసి, కిటికీ మీకు ఎడమ వైపో కుడి వైపో ఉండేలా కూర్చోండి. కిటికీ మీ వీపు వెనక ఉంటే వెలుగు పువ్వుకు ఎదురుగా పడి రెక్కల మడతలు, ఈనెలు ఏవీ కనబడవు, పైగా మీ నీడ కూడా పడుతుంది. పక్క నుంచి పడిన వెలుగులోనే రెక్కకు ఎత్తుపల్లాలు తెలుస్తాయి.

ఉత్తరం వైపు కిటికీ ఉంటే అదే మంచిది, ఏడాదిలో ఎక్కువ భాగం అందులోంచి నేరుగా ఎండ రాదు. మన శ్రీకాకుళం జిల్లాలో మే మధ్య నుంచి జులై చివరిదాకా మాత్రం మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా వెళ్తాడు కాబట్టి ఆ రోజుల్లో ఉత్తరం గోడ మీద కూడా ఎండ పడుతుంది. అరసవల్లిలో ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులే సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి కదా, ఆ రోజుల్లో పొద్దుటి సూర్యుడు గుడి ద్వారానికి సూటిగా వస్తాడు గనక అలా అవుతుంది. మీ కిటికీకీ అంతే. జనవరిలో బాగా కుదిరిన చోట జూన్‌లో కుదరకపోవచ్చు. ఏ నెలలో ఏ గంటకు ఏ గదిలో వెలుగు బాగుందో కాలెండర్ మీద పెన్నుతో రాసి పెట్టుకోండి.

తూర్పు కిటికీలోంచి నేరుగా ఎండ వస్తోందా? అడ్డంగా ఒక తెల్ల బట్ట కట్టండి. దీనికి పాత పొందూరు పంచె అంత మంచిది నేను ఇంకోటి చూడలేదు. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, సన్నటి నూలు వడికి నేసే ఖాదీ అది, ఎన్నో ఉతుకులు పడ్డాక మెత్తబడి పలచనవుతుంది, ఎండను ఆపకుండానే చెదరగొడుతుంది. కొత్తది కొనమని చెప్పట్లేదు, దాని ఖరీదు దానికుంది, ఇంట్లో తాతగారిదో నాన్నగారిదో చిరిగిన పంచె ఉంటే గంజి పోయేదాకా ఉతికి మీటరు ముక్క దాచుకోండి. లేకపోతే పలచటి తెల్ల లుంగీ, బటర్ పేపర్, ట్రేసింగ్ పేపర్ ఏదైనా పనికొస్తుంది. తెలుపే కావాలి, కాస్త మాసిన పసుపు రంగు ఉన్నా ఫొటోలోకి దిగుతుంది.

బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి మబ్బు కమ్మిన రోజుల్లో ఈ బట్ట కూడా అక్కర్లేదు. ఆకాశమే ఆ పని చేస్తుంది. అలాంటి రోజు ఫొటోలు బాగా రావు అనుకుని ఊరుకుంటారు చాలామంది, పువ్వులకు మాత్రం అదే మంచి రోజు.

ఇప్పుడు పువ్వుకు ఒక వైపు వెలుగు, రెండో వైపు చీకటి ఉంటుంది. చీకటి వైపున పువ్వుకు జానెడు దూరంలో తెల్ల థర్మోకోల్ ముక్క నిలబెట్టండి. నీడలో కూడా రంగు కనబడుతుంది. దాన్ని దగ్గరకు జరిపితే నీడ తేలికవుతుంది, దూరం చేస్తే చిక్కబడుతుంది. ఎంతవరకు అన్నది మీ ఇష్టం, నాకైతే కొంచెం నీడ మిగలాలి, లేకపోతే పువ్వు కాగితం మీద అతికించినట్టు చదునుగా ఉంటుంది.

బంతి, చేమంతి, కనకాంబరం తీస్తుంటే థర్మోకోల్ బదులు ఇత్తడి పళ్ళెం పెట్టి చూడండి. మన బుడితి ఇత్తడి సామాను ఇంట్లో ఉంటే చింతపండుతో తోమి తెచ్చి పెట్టండి, నీడ వైపు బంగారు రంగు పాకుతుంది. తెల్ల పూలకు మాత్రం ఇది వాడకండి, నందివర్ధనం పసుపు పూసుకున్నట్టు అయిపోతుంది. పువ్వు నడిబొడ్డున, కేసరాల దగ్గర మాత్రమే వెలుగు కావాలంటే చిన్న అద్దం ముక్కతో కిటికీ వెలుగును అక్కడికి తిప్పండి.

రాత్రి, బల్బుతో

నిజానికి నాకు ఇదే ఎక్కువ ఇష్టం. రాత్రిపూట వెలుగంతా మన చేతిలో ఉంటుంది, మబ్బు వచ్చి మారిపోవడం, ఎండ జరగడం ఉండవు. మెడ వంగే టేబుల్ లైటు ఒకటి, 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒకటి చాలు. బల్బు కొనేటప్పుడు డబ్బా మీద సీఆర్‌ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె) ఎంతో చూడండి, 90 పైన ఉన్నది దొరికితే రంగులు నిజంగా ఉన్నట్టు పడతాయి, మామూలు బల్బుల్లో అది 80 దగ్గర ఉంటుంది, వాటి కింద ముఖ్యంగా ఎరుపు వెలవెలబోయి కనిపిస్తుంది. గదిలో మిగతా లైట్లన్నీ ఆపేయండి.

లైటును పువ్వుకు ఒక పక్కన, కాస్త పైకి, ముప్పై సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. మధ్యలో, పువ్వుకు పది సెంటీమీటర్ల దగ్గరలో, అదే పంచె ముక్కనో బటర్ పేపర్‌నో నిలబెట్టండి. పాత ఫొటో ఫ్రేమ్ అద్దం తీసేసి దానికి బటర్ పేపర్ అంటిస్తే చక్కగా నిలబడుతుంది. ఇప్పుడు పువ్వుకు వెలుగు ఇచ్చేది బల్బు కాదు, ఆ కాగితం. చిన్న బల్బు నేరుగా పడితే నీడ అంచు కత్తితో కోసినట్టు గట్టిగా ఉంటుంది, అదే వెలుగు పెద్ద కాగితం అంతా పరుచుకుని వస్తే నీడ అంచు మెత్తబడుతుంది. ఇక్కడ పెద్ద అంటే పువ్వుతో పోలిస్తే పెద్ద అని. ఏ4 సైజు కాగితం కనకాంబరం పక్కన పెద్ద కిటికీతో సమానం, కానీ దాన్నే రెండు మీటర్ల దూరం తీసుకెళ్తే మళ్ళీ చిన్న చుక్కే. అందుకే ఫ్రేములో పడకుండా ఎంత దగ్గరకు తేగలిగితే అంత దగ్గరకు తెండి. పాత ఫిలమెంట్ బల్బులు, హాలోజన్ లైట్లు మాత్రం కాగితం దగ్గర పెట్టకండి, అంటుకుంటుంది. ఎల్ఈడీ అయినా నాలుగు వేళ్ళ సందు ఉండాలి.

దూరం గురించి ఇంకొక మాట, ఇది అర్థమైతే వెనక నేపథ్యం కూడా మీ చేతిలోకి వస్తుంది. చిన్న లైటుకు దూరం రెండింతలైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతుకు. లైటు నుంచి పువ్వు 20 సెంటీమీటర్లలో, వెనక గోడ 60 సెంటీమీటర్లలో ఉందనుకోండి, గోడ మీద పడేది పువ్వు మీద పడినదానిలో తొమ్మిదో వంతే. అంటే సున్నం వేసిన తెల్ల గోడ కూడా ఫొటోలో ముదురు బూడిద రంగుగా వస్తుంది. లైటును పువ్వుకు ఇంకా దగ్గరకు తెచ్చి గోడను ఇంకా దూరం చేస్తే దాదాపు నల్లగా అయిపోతుంది. నేపథ్యం వెలుగ్గా కావాలంటే దీనికి తిరగేసి, లైటును దూరం తీసుకెళ్ళాలి. నల్ల నేపథ్యం కోసం ఎడిటింగ్‌లో పువ్వు చుట్టూ గీతలు గీసుకుంటూ కూర్చునేవాళ్ళు ఇది ఒక్కసారి చేసి చూడండి.

లైటును పక్క నుంచి మెల్లగా పువ్వు వెనక్కి తీసుకెళ్ళండి. రెక్కలు పలచన కాబట్టి వెలుగు వాటిలోంచి ఇవతలకు వస్తుంది, ఈనెలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. మందారానికి, గుమ్మడి పువ్వుకు ఇది అద్భుతంగా ఉంటుంది. రెండో ఫోన్ టార్చ్ అయినా చాలు, దాని ముందు బటర్ పేపర్ రెండు మడతలు వేసి పువ్వు వెనక, ఫ్రేములో కనబడని చోట దాచండి. అయితే ముందు వైపు థర్మోకోల్ పెట్టడం మర్చిపోతే పువ్వు మధ్య భాగం నల్లగా మిగిలిపోతుంది.

ఎల్ఈడీ కింద తీసినప్పుడు స్క్రీన్ మీద అడ్డచారలు పాకుతూ కనబడితే కంగారు పడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దానివల్ల కొన్ని బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. ప్రో మోడ్‌లోకి (కెమెరా యాప్‌లో సెట్టింగులు మనమే మార్చుకునే చోటు) వెళ్ళి షట్టర్, అంటే వెలుగు లోపలికి వచ్చే సమయం, 1/50 లేదా 1/100 సెకను పెడితే చారలు పోతాయి.

వెనక ఏం పెట్టాలి

పువ్వుకూ నేపథ్యానికీ మధ్య కనీసం రెండు జానెల ఎడం ఉండాలి, అప్పుడే అది మసకబారి పువ్వు విడిగా నిలబడుతుంది. నల్ల చార్ట్ పేపర్, పిల్లల పలక, నల్ల వెల్వెట్ ముక్క ఇవి అందరికీ తెలిసినవే. ముదురు ఆకుపచ్చ పట్టు చీర మడత కూడా పెట్టి చూడండి. జరీ అంచును బాగా వెనక్కి జరిపి దాని మీద రెండో లైటు వేస్తే బంగారు రంగు గుండ్రటి మచ్చలు వస్తాయి, అవి ఒకటి రెండుంటే బాగుంటాయి, ఫ్రేమంతా నిండితే పువ్వు తప్పిపోతుంది. కుర్చీ మీద రెండు అరటాకులు వేలాడదీస్తే పెరట్లో తీసినట్టే ఉంటుంది. పువ్వు రంగుకే దగ్గరగా ఉన్న నేపథ్యం కూడా ఒకసారి ప్రయత్నించండి, శంఖుపువ్వు వెనక నీలం బట్ట పెడితే వచ్చే ప్రశాంతత నల్ల బట్టతో రాదు.

ఫోన్ ఎంత దూరంలో

ఇక్కడ చాలామంది తప్పుదారి పడతారు. క్లోజప్ అనగానే ఫోన్‌ను పువ్వు ముక్కుకు ఆనించేస్తారు. చాలా ఫోన్లలో మెయిన్ కెమెరా పది సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఆగిపోతుంది, అంతకన్నా దగ్గరైతే ఫోకస్ పట్టదు, పైగా ఫోన్ నీడ పువ్వు మీద పడి ఇంతసేపూ చేసిన లైటింగ్ వృథా అవుతుంది. 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం వెళ్ళి 2ఎక్స్ నొక్కండి.

తక్కువ ధర ఫోన్లలో మాక్రో అని విడిగా ఒక 2 మెగాపిక్సెల్ కెమెరా ఇస్తుంటారు. దాన్ని వదిలేయండి. 12 మెగాపిక్సెల్ మెయిన్ కెమెరా ఫొటో 4000 పిక్సెళ్ళ వెడల్పు, 3000 ఎత్తు ఉంటుంది, మధ్యలో సగం సగం కత్తిరించినా 2000 బై 1500, అంటే 3 మెగాపిక్సెళ్ళు మిగులుతాయి. ఆ చిన్న మాక్రో కెమెరా కన్నా ఇదే ఎక్కువ, సెన్సర్ (కెమెరా లోపల వెలుగును పట్టే చిప్పు) కూడా పెద్దది. ఖరీదైన ఫోన్లలో అల్ట్రావైడ్ (బాగా వెడల్పుగా చూసే) కెమెరాతో వచ్చే మాక్రో మోడ్ వేరు, అది బాగానే ఉంటుంది, కాకపోతే రెండు మూడు సెంటీమీటర్లలోకి వెళ్ళాలి కాబట్టి లైటు వెనక నుంచో పక్క నుంచో మాత్రమే ఇవ్వగలరు. ఫోన్‌కి తగిలించే క్లిప్ లెన్స్‌లతోనూ ఇదే ఇబ్బంది, అయినా జీడి పువ్వులాంటి చిన్నవాటికి అవి పనికొస్తాయి, అంచులు మసకగా వస్తాయని ముందే తెలుసుకుని పువ్వును మధ్యలో పెట్టండి.

ఫోకస్

క్లోజప్‌లో స్పష్టంగా కనబడే లోతు చాలా తక్కువ. కెమెరాలో పువ్వును అసలు సైజులోనే సెన్సర్ మీదకు దించితే, లెన్స్ కన్నాన్ని ఎఫ్/8 దాకా మూసినా ఆ లోతు ఒక మిల్లీమీటరు దాటదు. ఫోన్‌లో కొంచెం నయం, అయినా సరిపోదు. కాబట్టి అంతా స్పష్టంగా రావాలని చూడొద్దు, ఏది స్పష్టంగా ఉండాలో ముందే తేల్చుకోండి.

మందారంలో అయితే పొడవాటి కాడ చివర ఐదు ఎర్రటి బొడిపెలుంటాయి, కీలాగ్రాలు. మీ ఫోన్ వాటి ఎదురుగా ఉంటే అవి స్పష్టంగా, వెనక రెక్కలు మసకగా వస్తాయి. అదే పువ్వును పక్కకు తిప్పి, కాడ మొత్తం మీ ఫోన్‌కు అడ్డంగా, సమాంతరంగా ఉండేలా పెట్టండి, కాడ మొదలు నుంచి చివరిదాకా, మధ్యలో పసుపు పుప్పొడి గింజలతో సహా అంతా ఫోకస్‌లోకి వస్తుంది. పువ్వు అదే, వెలుగు అదే, తిప్పిన తీరు మారింది. మీకు ముఖ్యమైన భాగం ఫోన్ వీపుకు సమాంతరంగా ఉండాలన్నదే లెక్క. నందివర్ధనం, శంఖుపువ్వు లాంటి చదునైన పూలు అందుకే తేలిక, ఎదురుగా పెడితే మొత్తం స్పష్టంగా వస్తాయి.

స్క్రీన్ మీద ఆ చోట వేలు నొక్కి అలాగే పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది. లాక్ అయ్యాక కూడా సరిగ్గా లేదనిపిస్తే మళ్ళీ మళ్ళీ నొక్కకండి, ఫోన్‌ను కాకుండా పువ్వున్న సీసానే వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరపండి. ఫొటో తీశాక ప్రతిసారీ పూర్తిగా జూమ్ చేసి చూడాలి, చిన్న స్క్రీన్ మీద అన్నీ బాగున్నట్టే ఉంటాయి.

ఎరుపు, తెలుపు పూలతో జాగ్రత్త

ఎర్ర మందారం తీస్తే రెక్కలన్నీ కలిసి ఒకటే ఎర్ర ముద్దగా వస్తోందా? కెమెరాలో ఎరుపు హద్దు దాటిపోయింది. ఫోకస్ లాక్ చేశాక పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగి, ప్రో మోడ్‌లో అయితే ఎక్స్‌పోజర్‌ను మైనస్ 0.7 లేదా మైనస్ 1కి తగ్గించి మళ్ళీ తీయండి. ఈనెలు తిరిగి కనబడేదాకా తగ్గించాలి.

తెల్ల పూలలో రెండు రకాల తప్పులు జరుగుతాయి, రెండూ వేర్వేరు. మల్లెపువ్వు ఫ్రేమంతా నిండేలా తీస్తే కెమెరా దాన్ని బూడిద రంగులోకి దించేస్తుంది, ఎందుకంటే ముందు ఏమున్నా సగటున మధ్యస్థంగా వెలుగు ఉండాలని అది అనుకుంటుంది. అప్పుడు ప్లస్ 0.7 వైపు పెంచాలి. అదే మల్లెపువ్వు నల్ల బట్ట మీద చిన్నగా ఉంటే, ఫ్రేమంతా చీకటిగా ఉందనుకుని కెమెరా వెలుగు పెంచేస్తుంది, పువ్వు గీతలేవీ కనబడని సున్నపు ముద్దలా అయిపోతుంది. ఇక్కడ తగ్గించాలి. తెల్ల పువ్వుకు వెలుగు ఎప్పుడూ పక్క నుంచో వెనక నుంచో ఇవ్వండి, నీడ లేని తెలుపుకు రూపం ఉండదు.

శంఖుపువ్వు నీలం ఫోన్‌లో ఊదాగానో మరీ నీలంగానో మారిపోతుంటుంది. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే పడేలా రంగు సరిచేసే సెట్టింగు) ఆటో నుంచి తీసి, పువ్వు పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి అది తెల్లగా కనబడేదాకా అందులోని కెల్విన్ అంకె జరపండి. మామూలు కూల్ డేలైట్ బల్బుకు 6500 దగ్గర, వార్మ్ వైట్‌కు 3000 దగ్గర ఆగుతుంది.

నీటి చుక్కలు

పువ్వు మీద మామూలు నీళ్ళు చల్లితే జారిపోతాయి. మందుల షాపులో గ్లిజరిన్ కొని సగానికి సగం నీళ్ళు కలిపి, ఖాళీ స్ప్రే సీసాలో పోసి దూరం నుంచి ఒక్కసారి కొట్టండి, చుక్కలు గుండ్రంగా చాలాసేపు నిలబడతాయి. ఎక్కువ కొడితే చెమట పట్టినట్టు ఉంటుంది.

ఇంకో ఆట ఉంది. ఒక గరిక పోచ కొసకు ఈ నీళ్ళు ఒక్క చుక్క వేలాడదీసి, దాని వెనక నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో బంతి పువ్వు పెట్టి, పువ్వు మీద వెలుగు వేయండి. చుక్కలోకి చూస్తే లోపల బంతి పువ్వు తలకిందులుగా బుల్లిగా కనబడుతుంది. చుక్క లెన్స్ పని చేస్తోందన్నమాట. పోచ మీద కాకుండా చుక్క లోపలి పువ్వు మీద ఫోకస్ చేయాలి. ఇది మొదటిసారే రాదు, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, లెన్స్ పాఠం వాళ్ళకు బోర్డు మీద కన్నా ఇక్కడ బాగా ఎక్కుతుంది.

కెమెరా ఉన్నవాళ్ళకు

మాక్రో లెన్స్ కొనే ముందు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు చూడండి, లెన్స్‌కూ కెమెరాకూ మధ్య తగిలించే ఖాళీ గొట్టాలు, వాటిలో అద్దం ఉండదు కాబట్టి చవక, 50 ఎంఎం లెన్స్‌కు బాగా కుదురుతాయి. రివర్స్ రింగుతో లెన్స్‌ను తిరగేసి తగిలించడం ఇంకా చవక, కానీ లెన్స్ వెనక భాగం బయటకు ఉంటుంది, దుమ్ము చూసుకోవాలి. ఇవి పెడితే వెలుగు తగ్గుతుంది, అసలు సైజు దాకా వెళ్తే మామూలుగా అందేదానిలో నాలుగో వంతే అందుతుంది, కాబట్టి ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీరు) పెంచకుండా షట్టర్‌ను నెమ్మది చేయండి, పువ్వు కదలట్లేదు కదా. ఎఫ్/16 దాటి మూస్తే లోతు పెరిగినా మొత్తం బొమ్మ మెత్తబడిపోతుంది, ఎఫ్/8, ఎఫ్/11 మధ్య ఉండండి. లోతు ఇంకా కావాలంటే కెమెరా కదపకుండా ఫోకస్ రింగ్ మాత్రం కొంచెం కొంచెం జరుపుతూ వరసగా తీసి, కంప్యూటర్‌లో ఫోకస్ స్టాకింగ్, అంటే అన్నింటిలోని స్పష్టమైన భాగాలను ఒకే ఫొటోగా కలపడం, చేసుకోవచ్చు.

తీశాక

స్నాప్‌సీడ్ లాంటి ఉచిత యాప్ చాలు. ముందు హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) కొంచెం తగ్గించండి, మిగిలిన దుమ్ము చుక్కలను హీలింగ్‌తో తుడవండి, తర్వాత కత్తిరింపు. సాచురేషన్ జోలికి వెళ్ళకండి, పువ్వుల రంగు ఇప్పటికే పండి ఉంటుంది, అది పెంచితే ఈనెలు మళ్ళీ పోతాయి.

నచ్చినవి ప్రింట్ వేయించుకోండి. స్టూడియోకి పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. పైన చెప్పినట్టు మధ్యలో సగం సగం కత్తిరించిన 2000 బై 1500 ఫొటో, అంగుళానికి 300 పిక్సెళ్ళ లెక్కన ఆరున్నర అంగుళాల వెడల్పు, ఐదు అంగుళాల ఎత్తు వరకు స్పష్టంగా వస్తుంది, అంతకన్నా పెద్దది కావాలంటే 1ఎక్స్‌లోనే పువ్వు ఫ్రేము నిండేలా దగ్గరకు వెళ్ళి తీయాలి. గ్లాసీ కాకుండా మ్యాట్ పేపర్ అడగండి, నల్ల నేపథ్యం మీద వేలిముద్రలు, ట్యూబ్‌లైటు మెరుపు పడవు.